జ్వరమొస్తే పడుకునేవాళ్లం

మా రోజుల్లో జ్వరమొస్తే మనిషి మంచమెక్కేవాడు. మూడు రోజులో, అయిదు రోజులో, ఒళ్లు చల్లబడి నోటికి రుచి తెలిసేదాకా గడప దాటేవాడు కాదు. ఇప్పుడు జ్వరమొస్తే మాత్ర వేసుకుని మెట్రో ఎక్కుతున్నాడు. ఆఫీసుకు వెళ్తున్నాడు, పెళ్లికి వెళ్తున్నాడు, గుడికి వెళ్తున్నాడు, పక్కింటి పసివాడి పుట్టినరోజుకు వెళ్లి వాణ్ణి ఎత్తుకుని ముద్దు కూడా పెట్టుకుంటున్నాడు. రాత్రి ఇంటికొచ్చి టీవీలో ‘పంజా విసురుతున్న ఫ్లూ’ అని చూసి బెంబేలు పడుతున్నాడు. దాన్ని ఊరంతా తిప్పినవాళ్లలో తానూ ఉన్నానని మాత్రం ఆ మనిషికి తట్టడం లేదు. నా బాధంతా అదే.

మన దగ్గర ఫ్లూ ఏడాదికి రెండుసార్లు తిరగబెడుతుంది. వానలు ముదిరినప్పుడు ఒకసారి, సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి మార్చి దాకా మరోసారి. అంటే ఇది చెప్పకుండా వచ్చే చుట్టం కాదు. అయినా వచ్చిన ప్రతిసారీ కొత్తగా వచ్చినట్టే కంగారు పడతాం, పోగానే అసలు రానట్టే మరిచిపోతాం.

1957 సంగతి చెబుతాను. మాది బాపట్ల దగ్గర పల్లె. నేను చిన్నబడిలో ఉన్నాను. ఆ మే నెలలో మద్రాసులో దిగిన ఇన్‌ఫ్లుయెంజా రైళ్లెక్కి ఊళ్లమీదికి వచ్చింది. ప్రపంచమంతా దాన్ని ఏషియన్ ఫ్లూ అంది. పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను, మరుసటి ఏడు ఫిబ్రవరి లోపల దేశంలో లెక్కకెక్కిన కేసులే సుమారు 44 లక్షలట, చావులు వెయ్యికి పైనట. లెక్కకెక్కనివి ఎన్నో ఎవరు చెప్పగలరు? మా ఊళ్లో జ్వరాలు రాసుకునే నాథుడు లేడు. మద్రాసు మెయిల్లో జ్వరం దిగిందని పెద్దవాళ్లు చెప్పుకోవడం మాత్రం నా చెవుల్లో ఉంది.

మా ఇంట్లో ముందు పడింది మా చిన్నాన్న. ఆయనకు ఒళ్లు కాలుతోందని తెలిసిన ఘడియనే మా అమ్మ చేసిన పనులు నాకు వరసగా జ్ఞాపకం. వసారా చివర నులకమంచం వాల్చింది. ఒక చెంబు, ఒక గ్లాసు, ఒక కంచం విడిగా తీసి ఆ మంచం పక్కన పెట్టింది. ఉమ్మడానికి మట్టి ముంతలో ఇంత బూడిద పోసి ఇచ్చింది. పిల్లలం అటు వెళ్తే ఈపు పగులుతుందని ఒక్కసారే చెప్పింది, మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ గిన్నెలు వేరే తోమేది, ఎండలో బోర్లించేది. ఆయన కప్పుకున్న దుప్పటి సోడా వేసి ఉడకబెట్టింది. మా అమ్మ చదివింది మూడో తరగతి. వైరస్ అన్న మాట ఆమె జన్మలో విని ఉండదు. కానీ రోగం మనిషినుంచి మనిషికి అంటుకుంటుందనీ, అంటకుండా చూసుకోవడం ఇంట్లోవాళ్ల పూచీ అనీ ఆమెకు తెలుసు. అమ్మవారు పోసిన ఇళ్లనూ, కలరా వచ్చిన ఊళ్లనూ చూసిన తరం అది.

వీధి చివర కాంపౌండరు గారు ఉండేవారు. ఆయన వచ్చి నాడి చూసి, నాలుక చూసి, వీపు మీద చెవి ఆనించి విని, సీసాలో ఎర్రమందు పోసి, మోతాదుకు గుర్తుగా కత్తిరించిన కాగితం సీసాకు అంటించి ఇచ్చారు. నొప్పులకు ఏపీసీ మాత్రలు. ‘మూడు రోజులు మంచం దిగొద్దు, జ్వరం విడిచినా ఇంకో రెండు రోజులు పొలం మాట ఎత్తొద్దు’ అన్నారు. అంతే. ఇంకొకర్ని అడగడం, ఇంకో చోట చూపించుకోవడం, ఆ మాటకు పది సందేహాలు లేవదీయడం ఎవరికీ తోచలేదు. బార్లీ నీళ్లు, సగ్గుబియ్యం జావ, మిరియాల చారు. జ్వరం విడిచాక పాత చింతకాయ పచ్చడితో పథ్యం. అయిదో రోజుకో ఆరో రోజుకో చిన్నాన్న లేచి అరుగు మీద కూర్చున్నాడు.

తర్వాత అమ్మ పడింది. అప్పుడు తెలిసింది వీధి అంటే ఏమిటో. ఎదురింటి పిన్ని పొద్దునే చారు గిన్నె, అన్నం తపేలా తెచ్చి మా అరుగు మీద పెట్టి, ‘అక్కా, పెట్టాను, పిల్లలకు పెట్టించు’ అని వీధిలోంచే కేకేసి వెళ్లేది. లోపలికి అడుగు పెట్టేది కాదు. మా అమ్మ రమ్మనేదీ కాదు. ఇద్దరికీ అందులో తప్పు తోచలేదు. పది రోజులకు పిన్ని వాళ్లింట్లో అందరూ పడితే గిన్నె ఇటునుంచి అటు వెళ్లింది. నారుమళ్లకు నీళ్లు పెట్టే వంతు మాది వచ్చినప్పుడు పక్క పొలం వాళ్లే మడవ తిప్పి పెట్టారు. బళ్లో మా అయ్యవారు పొద్దున్నే వరసలో నిలబెట్టి కళ్లు ఎర్రగా ఉన్న పిల్లల నుదురు ముట్టి చూసి, వేడి తగిలితే పలకా పుస్తకం చేతికిచ్చి, పెద్ద తరగతి పిల్లవాణ్ణి తోడిచ్చి ఇంటికి పంపేసేవారు. హాజరు పోతుందని ఏడ్చిన పిల్లను నేను చూడలేదు.

ఆ రోజులన్నీ బంగారమని నేను అనను. ఆ ఏడే మా వీధిలో ఒక పసిపిల్ల జ్వరం తగ్గినట్టే తగ్గి డొక్కలెగరేయడం మొదలుపెడితే, బండి కట్టి బాపట్ల తీసుకెళ్లేలోపలే పోయింది. ఇవాళ అలాంటి బిడ్డకు ఆక్సిజన్ పెడతారు, సెలైన్ పెడతారు, నూటికి తొంభై పాళ్లు ఇంటికి పంపిస్తారు. ఆ ఏపీసీ మాత్రలో ఉండే ఫెనాసిటిన్ కిడ్నీలకు చేటని తేలి తర్వాత వాడకం మానిపించారు. మా నాయనమ్మ కాలమైతే ఇంకా ఘోరం. 1918లో బొంబాయి రేవులో దిగిన ఇన్‌ఫ్లుయెంజా ఈ దేశంలో కోటి మందికి పైగా జనాన్ని తీసుకుపోయింది. 1921లో జనాభా లెక్కలు తీస్తే పదేళ్ల కిందటి కంటే తక్కువ మంది తేలారు. మన జనాభా లెక్కల్లో అలా తగ్గిన దశాబ్దం అదొక్కటే. వైద్యం ఇప్పుడు వెయ్యి రెట్లు మెరుగు. మనుషుల నడతే అడుగంటింది. వైద్యం గొప్పదైన కొద్దీ నడత కూడా బాగుపడాల్సింది పోయి, మాత్ర ఉంది కదా అని నడత వదిలేశాం.

2009 మేలో నేను హైదరాబాదులోనే ఉన్నాను. దేశంలో మొట్టమొదటి స్వైన్ ఫ్లూ కేసు ఇక్కడే బయటపడింది. అమెరికా నుంచి వచ్చిన ఒక కుర్రవాడు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో విడిగా ఉంచి వైద్యం చేశారు, కోలుకుని వెళ్లిపోయాడు. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారిగా ప్రకటించింది. ఆగస్టు 3న పుణేలో పద్నాలుగేళ్ల అమ్మాయి చనిపోయింది. దేశంలో తొలి మరణం అది. ఇక చూడాలి జనం పరుగులు. మందుల షాపుల్లో మాస్కులు అయిపోయాయి. ఉన్నవి నాలుగింతలు ధర పెట్టి అమ్మారు. మాస్కు దొరకనివాళ్లు కర్చీఫు కట్టుకున్నారు. కర్చీఫు కట్టుకుని బజ్జీల బండి దగ్గర దాన్ని కిందికి లాగి తిని, అదే చేత్తో మళ్లీ పైకి లాక్కున్నారు. పచ్చకర్పూరం, యాలకులు దంచి గుడ్డలో మూటగట్టి వాసన చూస్తే ఏ ఫ్లూ రాదని ఒకరు చెప్పారు. అంతే, కిరాణా కొట్లో పచ్చకర్పూరం కరువైంది. హోమియో గుళికలు ఉచితంగా పంచుతున్నారంటే వీధి మలుపు దాకా బారులు తీరారు. ఆ బారులో ఒకరి మెడ మీద ఒకరు దగ్గుకుంటూ గంటలు గంటలు నిలబడ్డారు. రోగం రాకూడదని వచ్చినవాళ్లకు ఆ క్యూలోనే అంటుకుని ఉంటుంది.

పరీక్షల కోసం ఎగబడడం ఇంకొకటి. అప్పుడే కేంద్ర ఆరోగ్య శాఖ చాలా తేటగా చెప్పింది. రోగుల్ని ఏ, బీ, సీ అని మూడు తరగతులుగా విడగొట్టింది. మామూలు జ్వరం, గొంతునొప్పి, దగ్గు ఉంటే ఏ తరగతి. పరీక్ష అక్కర్లేదు, ఫ్లూ మందు అక్కర్లేదు, ఇంట్లో ఉండండి, నలుగురిలో కలవకండి. జ్వరం తీవ్రంగా ఉన్నా, గర్భిణులైనా, ముసలివాళ్లైనా, చిన్నపిల్లలైనా, గుండె జబ్బూ షుగరూ ఉన్నవాళ్లైనా బీ తరగతి. డాక్టరు చూసి మందు మొదలుపెడతారు. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మగతగా పడి ఉన్నా, ఉమ్మిలో రక్తం పడినా, గోళ్లు నీలంగా మారినా సీ తరగతి. వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి, పరీక్ష చేయాలి. ఇంతకంటే విడమరచి ఎవరు చెబుతారు? మా కాంపౌండరు గారు చెప్పిందీ ఇదే కదా! కానీ ఏ తరగతి వాళ్లంతా పరీక్ష పరీక్ష అంటూ ఆసుపత్రుల మీద పడ్డారు. డొక్కలెగరేస్తున్న బిడ్డను భుజాన వేసుకొచ్చిన తల్లి ఆ గుంపు వెనకాల నిలబడింది. అలా నిలబడ్డ తల్లిని నేను కళ్లారా చూశాను. ముందున్నవాళ్లలో ఒక్కడు పక్కకు జరగలేదు. నేను అరిస్తే జరిగారు.

లెక్కలు చూడండి. 2009లో దేశంలో స్వైన్ ఫ్లూతో పోయినవాళ్లు 981 మంది. 2015లో కేసులు 42,592, మరణాలు 2,990. 2017లో మరణాలు 2,270. ఇవి ప్రభుత్వం వేసిన లెక్కలే. మరి 2009 భయం అందరికీ గుర్తుంది. 2015లో గాంధీ ఆసుపత్రి ముందు టీవీ వాళ్ల బండ్లు ఆగడం కొందరికి గుర్తుంది. 2017 ఎవరికి గుర్తుంది? 2009 కంటే రెట్టింపు పైగా మనుషులు పోయిన ఏడు అది. ఎవరూ కర్చీఫు కట్టలేదు, ఎవరూ కర్పూరం దంచలేదు. టీవీలో పేరు కొత్తగా ఉంటే గుండెలు బాదుకుంటాం, పేరు పాతబడితే ఎంతమంది పోయినా పట్టదు. 2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ అనగానే మళ్లీ మాస్కుల పెట్టెలు తీశారు మా అపార్ట్‌మెంటులో. అది 2001లోనే కనిపెట్టిన వైరస్, ఏటా మన మధ్య తిరిగేదే. ఆ నెల పోయాక ఆ పేరు ఎత్తినవాళ్లు లేరు. మళ్లీ ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వస్తే బాగా ఉడికించిన కూర తినడానికి భయపడినవాళ్లే, తమ ఇంట్లో మనిషికి జ్వరముండగా ఇంటిల్లిపాదీ సినిమాకు వెళ్లారు.

2009లో నాకు తెలిసిన కుటుంబంలో ఒకబ్బాయి అమెరికా నుంచి సెలవుల మీద వచ్చాడు. జ్వరం లేదు, దగ్గు లేదు, విమానాశ్రయంలో చూసి పంపారు. అయినా పాలవాడు ఆ మెట్లు ఎక్కడం మానేశాడు. పైవాళ్లు ఓనరు మీద ఒత్తిడి తెచ్చారు, కొన్నాళ్లు వేరే చోట ఉండమని చెప్పించారు. ఆ అబ్బాయి తల్లి పచారీ కొట్టుకు వెళ్తే జనం తప్పుకున్నారు. ఆ వారం రోజుల్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, కూరగాయలు తెచ్చి గుమ్మంలో పెట్టలేదు. మా ఊళ్లో రోగిని దూరం పెట్టేవాళ్లం, కాదనను. అమ్మవారు పోసిన ఇంటికి వేపకొమ్మ కట్టి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. కానీ ఆ ఇంటి కడుపు నిండిందో లేదో వీధి చూసుకునేది. ఇప్పుడు దూరం పెట్టడం ఒక్కటే మిగిలింది, చూసుకోవడం పోయింది. అందుకే ఎవరికి జ్వరమొచ్చినా దాచుకుంటున్నారు. చెబితే వెలివేస్తారని తెలిశాక ఎవడు చెబుతాడు?

నేను టీచరుగా పనిచేశాను కాబట్టి బడి సంగతి నాకు బాగా తెలుసు. రిటైరయ్యే ముందు ఏళ్లలో చూసిందిది. పొద్దున ఏడింటికి పిల్లాడికి జ్వరం. తల్లి ఒక మూత పారాసెటమాల్ సిరప్ పట్టిస్తుంది. ఎనిమిదింటికి చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుంది. బ్యాగు తగిలించి ఆటో ఎక్కిస్తుంది. పదకొండూ పదకొండున్నర ప్రాంతానికి మందు దిగిపోతుంది. పిల్లాడు బెంచీ మీద తల వాల్చేస్తాడు. ముట్టుకుంటే పెనంలా కాలుతుంటాడు. ఈలోగా అటూ ఇటూ కూర్చున్న పిల్లలు, వాడి నీళ్ల సీసాలో తాగినవాళ్లు, వాడి రబ్బరు పట్టుకున్నవాళ్లు, ఆటోలో ఒళ్లో కూర్చున్నవాళ్లు, అందరికీ పంచిపెట్టడం అయిపోతుంది. తల్లికి ఫోన్ చేస్తే ‘పొద్దున బాగానే ఉన్నాడు మేడమ్’ అంటుంది. యూనిట్ టెస్టు ఉందట. హాజరు నూటికి నూరుంటే ఏడాది చివర కప్పు ఇస్తారట. ఆ కప్పు కోసం తల్లులు జ్వరమొచ్చిన బిడ్డను తోలుతున్నారు, బడులు ఆ కప్పు పెట్టి తోలిస్తున్నాయి. ఈ హాజరు బహుమతి అన్నది ఎవరు కనిపెట్టారో గానీ పిల్లల ఆరోగ్యానికి అంతకంటే చెరుపు చేసిన బహుమతి లేదు. తీసేయమని స్టాఫ్ మీటింగుల్లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో. ‘పేరెంట్స్ ఒప్పుకోరు మేడమ్’ అనేవారు.

ఆఫీసుల సంగతీ అంతే. మా అల్లుడు జ్వరంతో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ‘పడుకో నాయనా’ అన్నాను. ‘రిలీజ్ ఉంది అత్తయ్యా’ అన్నాడు. ఇంట్లో కూర్చుని చేస్తున్నాడు కాబట్టి అతనికి తప్ప ఎవరికీ నష్టం లేదు. నిన్నటిదాకా అలాగే చేయనిచ్చిన కంపెనీలు ఇప్పుడు మళ్లీ ఆఫీసుకు రమ్మంటున్నాయి. ఏసీ గదిలో, తెరవని అద్దాల వెనక, వందమంది ఒకే గాలి పీల్చుకుంటూ కూర్చునే చోట దగ్గుతున్న మనిషిని రానివ్వడమే తప్పు. రాకపోతే జీతం కోస్తామనడం ఇంకా పెద్ద తప్పు. ఫ్లూ వచ్చిన మనిషి జ్వరం తెలియడానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకు అంటిస్తాడు, ఆ తర్వాత అయిదారు రోజులు అంటిస్తూనే ఉంటాడు. మాత్ర వేసుకోకుండానే పూర్తిగా ఒక రోజు జ్వరం లేకుండా గడిచాకే బయటికి రావాలని డాక్టర్లు చెబుతున్నారు. ఇది తెలియని మేనేజరు లేడు. 2020లో అందరికీ కంఠతా వచ్చింది.

కూలీనాలీ చేసుకునేవాళ్లది వేరే బాధ. వాళ్లను అనను. ఆటో నడిపే మనిషి, నాలుగిళ్లలో పనిచేసే అమ్మాయి, బండి మీద అన్నం ప్యాకెట్లు తెచ్చే కుర్రవాడు పడుకుంటే ఆ పూట పొయ్యి వెలగదు. అప్పుడూ అంతే, పల్లెలో కూలివాళ్ల ఇంట్లో జ్వరమంటే ఆకలే. రైతు నాలుగు గిన్నెల గింజలు ఇస్తే అప్పు కింద రాసుకునే ఇచ్చేవాడు. ఫ్యాక్టరీ కార్మికుడికి 1948 నాటి చట్టంతో వచ్చిన ఈఎస్ఐ బీమా ఉంది. కార్డు ఉంటే జబ్బు చేసినప్పుడు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఆ కార్డు లేదు. కనీసం మనమైనా ఇవ్వాలి. పనమ్మాయికి జ్వరమని తెలిసి కూడా గిన్నెలు పేరుకున్నాయని ఫోన్ల మీద ఫోన్లు చేసే ఇళ్లు మా అపార్ట్‌మెంటులోనే ఉన్నాయి. ఆమె తోమిన కంచాల్లోనే వాళ్ల పిల్లలు తినాలి కదా. ఆ ఆలోచన కూడా రాదు.

ఇక మందుల షాపు. మొన్నీమధ్య బీపీ మాత్రలకు వెళ్లాను. నా ముందు నిలబడ్డ అబ్బాయి ముక్కు తుడుచుకుంటూ ‘అన్నా, అజిత్రోమైసిన్ ఒక పట్టీ, ఒక డోలో పట్టీ’ అన్నాడు. చీటీ లేదు. షాపతను అడగలేదు, మూడు మాత్రల పట్టీ తీసి కవర్లో వేశాడు. ‘బాబూ, డాక్టరు రాశారా?’ అని అడిగాను. ‘అందరూ ఇదే వాడుతున్నారు ఆంటీ’ అన్నాడు. ఫ్లూ వైరస్. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది, వైరస్‌ను ఏమీ చేయలేదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 ఫ్లూ ఊళ్లు ఊళ్లు చుట్టేసినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ ప్రత్యేకంగా ప్రకటన ఇచ్చింది, జ్వరం మూడు రోజుల్లో తగ్గుతుంది, దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చు, అజిత్రోమైసిన్ లాంటివి మింగకండి అని. ఎవరు విన్నారు? ఇలా ఊరికే మింగి మింగి, రేపు నిజంగా నిమోనియా పట్టినప్పుడు ఆ మందు పనిచేయదు. అసలు ఫ్లూకి పనిచేసే మందు వేరే ఉంది, ఒసెల్టామివిర్. మన హైదరాబాదు కంపెనీ హెటిరో కూడా తయారుచేస్తుంది. జ్వరం మొదలైన రెండు రోజుల్లోపు మొదలుపెడితే మంచి గుణం. ఎవరికి అవసరమో డాక్టరు చెప్పాలి. అవసరమైనవాళ్లు ఆ రెండు రోజులూ అజిత్రోమైసిన్ మింగుతూ కూర్చుని మూడో రోజు ఆసుపత్రికి వెళ్తున్నారు.

టీకా మాట ఎత్తితే నాకు మరీ కష్టం వేస్తుంది. నా ఎడమ చేతి మీద మశూచి టీకా మచ్చ ఇప్పటికీ ఉంది. టీకాల వాళ్లు ఊళ్లోకి వస్తే పిల్లలం గడ్డివాముల్లో దాక్కునేవాళ్లం, పెద్దవాళ్లు చెవి పట్టుకుని లాక్కొచ్చేవారు. తిరునాళ్లకు వెళ్లాలంటే కలరా సూది వేయించుకోవాల్సిందే. ఇష్టంగా వేయించుకున్నామని చెప్పను, వేయించుకున్నాం. 1975 తర్వాత ఈ దేశంలో మశూచి లేదు. ఇవాళ ఫ్లూకి టీకా ఉంది. ఏ రకం వైరస్ తిరుగుతోందో చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి టీకాలో ఏం ఉండాలో చెబుతుంది, కంపెనీలు ఆ ప్రకారం తయారుచేస్తాయి. అరవై దాటినవాళ్లు, గర్భిణులు, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు ఏటా వేయించుకోవడం మంచిది. పూర్తిగా ఆపదు, కానీ ప్రాణం మీదికి రాకుండా కాస్తుంది. సాయంత్రం మా పార్కు బెంచీ మీద కూర్చునే నా ఈడు వాళ్లలో ఎవరిని అడిగినా ‘ఫ్లూకి కూడా టీకానా?’ అన్నారు. వాళ్లలో ప్రతి ఒక్కరి పర్సులో బీపీ మాత్రలున్నాయి, షుగరు మాత్రలున్నాయి. వాళ్ల డాక్టర్లు ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. చెప్పాలి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీకాల జాబితాలో ఇది లేదు, కొనుక్కోవాలి. పింఛను మీద బతికే ముసలివాళ్లకూ, సర్కారు దవాఖానాకు వచ్చే గర్భిణులకూ ఉచితంగా వేయాలని ఎవరైనా అడగాలి. నేను అడుగుతున్నాను.

కోవిడ్ అన్నీ నేర్పింది కదా అంటారు పిల్లలు. నేర్పింది, నిజమే. 2020, 21లో ప్రపంచమంతా జనం ఇంట్లో ఉండి, దగ్గు వస్తే మూతి కప్పుకుని, చేతులు కడుక్కుంటే ఏమైందో తెలుసా? ఫ్లూ దాదాపు మాయమైంది. దేశాలకు దేశాలు ఫ్లూ సీజనే చూడలేదు. అందులో బి/యమగాటా అనే ఒక రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా ఉన్నట్టు రుజువు కాలేదు. అంతకుముందు టీకాలో నాలుగు రకాలు కలిపేవారు, ఇది పోవడంతో ఇప్పుడు మూడు చాలంటున్నారు. దశాబ్దాల తరబడి మనుషుల్ని పీడించిన ఒక జబ్బు రకం, దానికోసం ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చేయకపోయినా, మనుషులు కాస్త ఎడంగా ఉన్నందుకు కనబడకుండా పోయింది. దానికి లాక్‌డౌన్ కావాలని నేను అనను, ఆ రోజులు ఎవరికీ రావద్దు. జ్వరం వచ్చినవాడొక్కడు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే చాలు. మిగిలిన ఊరంతా తిరగొచ్చు. కానీ మనం నేర్చుకుని ఏం చేశాం? రెండేళ్లు తిరక్కుండానే మాస్కులు పారేశాం, శానిటైజరు డబ్బాలు ఎండిపోయాయి. మొన్న ఒక పెళ్లిలో పెళ్లికొడుకు మేనమామ ఒళ్లు కాలిపోతూ వేదిక మీద నిలబడి మూడొందల మందికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ‘రాకపోతే బాగుండదని వచ్చాను’ అన్నాడు. జ్వరమని తెలిస్తే రాకపోవడమే బాగుంటుందని చెప్పే పెద్దవాళ్లు ఆ పెళ్లిలో లేకపోయారు. ఆ వారంలోనే పెళ్లికూతురి అమ్మమ్మ ఆసుపత్రిలో చేరింది. రెంటికీ సంబంధం ఉందో లేదో నేను చెప్పలేను. కానీ ఆవిడ ఎనభై దాటిన మనిషి, ఆయన ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టి చేతులు పట్టుకుని మాట్లాడడం నేను చూశాను.

ఈ వానాకాలం మొదలయ్యే ముందు మా అపార్ట్‌మెంటు కమిటీలో ఒక మాట పెట్టాను. ఎవరింట్లో జ్వరమొచ్చినా దాచుకోకుండా చెప్పాలి. చెప్పినవాళ్లను ఎవరూ ఒక్క మాట అనకూడదు. పాలు, కూరలు, మందులు గుమ్మం ముందు పెట్టే పూచీ అంతస్తుకు ఒకరు తీసుకోవాలి. పనిచేసేవాళ్లకు జ్వరమొస్తే ఎవరూ జీతం కోయకూడదు. సెక్రటరీగారు బాగుందన్నారు, వాట్సాప్ గ్రూపులోనూ అందరూ బాగుందన్నారు. పేరిచ్చినవాళ్లు ఇద్దరు, రెండో అంతస్తులో కొత్తగా పెళ్లయిన జంట. మూడో అంతస్తు నేను చూసుకుంటానన్నాను. ఒకటీ, నాలుగూ, అయిదూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఫోన్లో అడిగితే తేలేట్టు లేదని సాయంత్రాలు తలుపులు తట్టి అడుగుతున్నాను. నాలుగో అంతస్తులో ఒకావిడ ఆలోచించి చెబుతానంది.